ఖాలా సంచి, ఖాళీ నెలలు

మా ఖాన్‌దాన్‌లో, మొహల్లాలో ఈ మధ్య చాలామంది నన్ను ఒకటే సవాల్ అడుగుతున్నారు. "మీ ఖాలా తోట సంచి తీసుకుంటే ఏం ఫాయిదా? బాజార్లో అన్నీ దొరుకుతాయి కదా. ఆ సంచిలో మనం అడిగినవి ఉండవు, వాళ్లకు పండినవి ఉంటాయి. పైగా మే నెలలో అసలు సంచే రాదు!" అడిగేవాళ్ల మాట అబద్ధం కాదు. సంచి అట్లాగే ఉంటుంది. కానీ జవాబు నిలబడి చెప్పేంత చిన్నది కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు సంచి సంగతి చెప్తాను. మా అమ్మీ చెల్లెలు, అంటే మా ఖాలా, మా ఖాలూ ఇద్దరూ అనంతపురం నుంచి కళ్యాణదుర్గం పోయే దోవలో ఒక చిన్న ఊళ్లో మూడెకరాలు సేద్యం చేస్తారు. అందులో రెండెకరాలకు పైగా వానాధారమే. బోరు కింద తడిసేది అరెకరం కూడా ఉండదు. ప్రతి జుమ్మా రోజు పొద్దున ఖాలూ మోపెడ్‌కు రెండు వైపులా సంచులు కట్టుకుని టౌన్‌కు వస్తారు. ఇరవై ఇళ్లకు ఇరవై సంచులు. సంచిలో నాలుగైదు రకాల తర్కారీ, రెండు కట్టల ఆకుకూర, ఉంటే పండ్లు, ఉంటే గుడ్లు. ఈ "ఉంటే" అనే మాట మీదే మా ఖాలా జిందగీ మొత్తం నడుస్తుంది.

దేశంలో తక్కువ వాన పడే జిల్లాల్లో మనదీ ఒకటని ఇక్కడ బడికి పోయే పిల్లలు కూడా చెప్తారు. ఏడాది సగటు 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే ఖాళీ అయిపోతాయి. ఈశాన్యం మేఘాలు ఇంత లోపలికి వచ్చేసరికి అలిసిపోతాయి. ఉన్న వానలో ఎక్కువ భాగం సెప్టెంబర్ చుట్టూనే. సగటు లెక్క ఆఫీసు కాగితం మీద బాగుంటుంది గానీ చేలో పనికిరాదు. నెలంతా పడాల్సింది రెండు రోజుల్లో పడి, తర్వాత నలభై రోజులు మొహం చాటేస్తే కాగితం మీద లోటు కనబడదు, చేను మాత్రం ఎండిపోతుంది. అఖ్బార్‌లో పనిచేస్తూ కరవు మండలాల లిస్టులు ఎన్నిసార్లు రాశానో నాకే గుర్తులేదు. మండలం పేరు లిస్టులో ఉంటుంది, మనిషి పేరు ఉండదు.

ఖాలూ వాళ్ల అబ్బా కాలంలో ఆ మూడెకరాలూ శెనక్కాయే. మన జిల్లాలో లక్షల ఎకరాలు అట్లాగే ఉండేవి. టీఎంవీ-2 అనే పాత రకం, ఆ తర్వాత కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కదిరి-3, కదిరి-6. శెనక్కాయకు ముఖ్యంగా రెండు వానలు కావాలి. విత్తేటప్పుడు ఒకటి, ఊడలు దిగి కాయ ఊరేటప్పుడు ఒకటి. మొదటిది వచ్చి రెండోది రాకపోతే పైన ఆకు పచ్చగానే ఉంటుంది, పీకితే కింద కాయ ఉండదు. విత్తనం, ఎరువు, కూలీ అన్నీ అప్పటికే మట్టిలో పోసేసి ఉంటారు. మూడెకరాలకు ఒకే పంట, ఒకే విత్తు, ఒకే వాన. అది తప్పితే ఏడాది మొత్తం సూఖా.

సుమారు ఎనిమిదేళ్ల కింద ఖాలా ఇంట్లో జిద్ చేసి బోరు పక్కన ఇరవై సెంట్లు తన పేరున అడిగింది. రైతు సాధికార సంస్థ 2016లో మొదలుపెట్టిన ప్రకృతి వ్యవసాయం వాళ్లు పక్క ఊళ్లో ఇరవై సెంట్లలో రకరకాల కూరగాయలు పెట్టించారు. దానికి వాళ్లు ఏటీఎం అని పేరు పెట్టుకున్నారు, ఎప్పుడంటే అప్పుడు పైసలు వచ్చే మడి అని. ఒక మడిలో ముల్లంగి పీకుతుంటే పక్క మడిలో వంగ పూతకు వస్తుంది, గట్టు మీద బీర తీగ పాకుతుంది. వారానికి ఏదో ఒకటి అమ్ముకోవచ్చు. ఖాలా అది చూసి వచ్చింది. "బ్యాంకు ఏటీఎంలో మన పైసలే మనం తీసుకుంటాం బేటా, ఇందులో అల్లా ఇచ్చింది తీసుకుంటాం" అని నవ్వింది. ఇరవై సెంట్లు అంటే ఎకరంలో అయిదో వంతు. ఖాలూ మొదట మజాక్ చేశారు. ఇప్పుడు ఆ మజాక్ ఊసెత్తరు.

మిగతా మెట్టలో కొర్ర, సజ్జ, కంది, అలసంద, అనప కలిపి వేస్తున్నారు. శెనక్కాయ వదిలేయలేదు, ఒక ఎకరానికి తగ్గించారు. వాన ముందొచ్చినా వెనకొచ్చినా ఇన్నింటిలో ఏదో ఒకటి నిలబడుతుంది. కంది మొక్కజొన్నలా మారాం చేయదు, అన్ని పంటలూ చేతులెత్తేసినాక కూడా కాస్త పచ్చగా నిలబడి ఉంటుంది.

ఇక మౌసమ్ విషయం. ఉర్దూ మీడియం బడిలో మాకు చార్ మౌసమ్ అని పాఠం ఉండేది. సర్మా, గర్మా, బహార్, ఖిజాఁ. ఆకులన్నీ రాలిపోయే ఖిజాఁ మాకెక్కడిది, పూలు విరగబూసే బహార్ ఎక్కడిది అని నేను కిటికీలోంచి తుమ్మచెట్టు వైపు చూస్తూ కూర్చునేదాన్ని. తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకుంటే ఆరు ఋతువులు వచ్చాయి. శరత్తులో వెన్నెల, హేమంతంలో మంచు. అవి కూడా గోదావరి వైపు బాగా సరిపోతాయి. ఖాలా ఈ రెండూ చదవలేదు. ఆమెకు ఉన్నది కార్తెలు. మే 25 అటూ ఇటూ రోహిణి, జూన్ మొదటి వారం దాటితే మృగశిర, జూన్ 22 దగ్గర ఆరుద్ర. పదమూడు, పద్నాలుగు రోజులకు ఒకటి, ఏడాదికి ఇరవై ఏడు. దర్గా ఉర్సుకు చాంద్ తారీఖు చెప్పే మనిషే విత్తనానికి కార్తె చెప్తుంది. ఒక తలలో రెండు క్యాలెండర్లు, ఒకదానికొకటి అడ్డురావు.

అడ్డురావు గానీ కలవవు కూడా. మన హిజ్రీ సాలు సూర్యుడి ఏడాది కన్నా పదకొండు రోజులు చిన్నది. అందుకే రంజాన్ ముప్పై మూడేళ్లలో అన్ని కాలాలూ తిరిగి వస్తుంది. 1998లో రోజాలు డిసెంబర్ చివర్లో మొదలయ్యాయి. అప్పుడు మా ఇంట్లో సెహ్రీకి అనపగింజల సాలన్, ఇఫ్తార్‌కు రేగిపండ్లు. 2015, 2016లో జూన్ నెల. కైరీ షర్బత్, కొత్తగా తేలిన ఆకుకూర. 2025లో మార్చి. చింతచెట్లు చిగురు తొడిగే వేళ. పండుగ ఒకటే, దస్తర్‌ఖాన్ మాత్రం ప్రతి అయిదారేళ్లకు మారుతుంది. మారాలి కూడా. ఈ మధ్య ఏ నెలలో రంజాన్ వచ్చినా మన దస్తర్‌ఖాన్ మీద అదే పుచ్చకాయ, అదే కోల్డ్ స్టోరేజ్ యాపిల్. కాలం తిరుగుతోంది, మన పళ్లెం తిరగడం మానేసింది.

ఖాలా సంచి ఏడాది పొడుగునా ఎట్లా ఉంటుందో చెప్తాను. మృగశిరలో నాలుగు చినుకులు పడగానే ఎవరూ విత్తని ఆకుకూరలు లేస్తాయి. గంగవాయిలి కూర, మనింట్లో కుల్ఫా అంటాం. పప్పులో వేస్తే పుల్లగా, జిగురుగా భలే ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో గోంగూర, అంటే మన అంబాడా. ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా బీర, సొర, కాకర, బెండ, గోరుచిక్కుడు. తురై, కద్దూ, కరేలా, భిండీ, గవార్ అన్నమాట. సెప్టెంబర్ దాటితే గుట్టల మీద సీతాఫలం. అక్టోబర్, నవంబర్‌లో పచ్చి శెనక్కాయలు. ఉప్పేసి ఉడకబెట్టి పిల్లల ముందు పెడితే టీవీ ఆపేసి వస్తారు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా సంచి బరువు. వంకాయ, టమాటా, ముల్లంగి, మేథీ, కొత్మీర్, చిక్కుడు, అన్నిటికీ మించి అనపకాయ. నానబెట్టి, పొట్టు పితికి, పితికిపప్పు చేసుకునే రోజులు అవే. మా సాసుమా అందులో కాస్త గోష్త్ వేస్తుంది, రాగి సంకటితో తింటాం.

మార్చిలో చిగుర్. చూడండి, చింతచిగురును మనం దక్కనీలో కూడా చిగుర్ అనే అంటాం. ఇమ్లీ కే పత్తే అనరు ఎవరూ. ఈ నేల మీద మొలిచిన దానికి ఈ నేల పేరే మిగిలింది. మరోవైపు మన జిల్లాలో చీనీ అంటే బత్తాయి. ఉర్దూలో చీనీ అంటే చక్కెర. హైదరాబాద్ నుంచి వచ్చిన చుట్టాలకు "చీనీ తోట చూపిస్తా రండి" అంటే చక్కెర తోట ఏందని హైరాన్ అయ్యారు. వాళ్లకు కాయ కోసి చేతిలో పెడితే గానీ సమఝ్ కాలేదు.

ఏప్రిల్ వచ్చేసరికి సంచి సన్నబడుతుంది. మునక్కాయ, కైరీ, దాచిన గుమ్మడికాయ, ఎండబెట్టిన గోరుచిక్కుడు వడియాలు. మే నెలలో చాలా వారాలు ఏమీ ఉండదు. "టమాటా ఎందుకు లేదు" అని నేనూ ఒకసారి ఫోన్లో అడిగాను. ఖాలా కోపం చేసుకోలేదు. "ఎండ నలబై దాటినాక పూత నిలబడేకి అయితాదా బేటా? పూలన్నీ రాలిపోతాండాయి. బోరులో నీళ్లు గొడ్లకు, కోళ్లకు సరిపోతే షుక్ర్ అనుకుంటాండాం. టమాటా యాడ్నుంచి తెచ్చేది?" అంది. తోటమాలి జవాబు అంతే సాదా. బాజార్లో మేలో కూడా టమాటా ఉంటుంది, నిజమే. అది ఎక్కడో నీళ్లున్న చోట నుంచి లారీలో వస్తుంది. ఆ లారీ టమాటా కథ కూడా మనకు తెలిసిందే. 2023 జూలైలో కిలో వంద దాటింది. సెప్టెంబర్ వచ్చేసరికి ధర పడిపోయి మన సీమలోనే రైతులు రోడ్డు మీద పారబోసుకున్నారు. రెండు నెలల తేడా. ఒకసారి తినేవాడు ఏడ్చాడు, ఒకసారి పండించినవాడు ఏడ్చాడు.

గుడ్ల సంగతి వేరు. తోట ఇద్దరిదీ, కోళ్లు మాత్రం ఖాలావి. మన పల్లెల్లో కులం, మజ్‌హబ్ ఏదైనా ఆడవాళ్ల చేతిలో ఉండే పైసలు చాలావరకు గుడ్ల పైసలే. మగవాళ్లు ఆ హిసాబ్ అడగరు, అడిగితే బాగుండదు. మా అమ్మీ బడి ఫీజు, మా మామూ సైకిల్, మా నానీమా కళ్లద్దాలు, అన్నీ గుడ్లలో నుంచే వచ్చాయని ఇంట్లో చెప్పుకుంటారు.

ఖాలా దగ్గర ఇప్పుడు ముప్పై దాకా పెట్టలు ఉన్నాయి. సగం నాటువి, సగం గ్రామప్రియ. గ్రామప్రియ అనేది హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం తయారుచేసిన రకం. నాటుకోడి ఏడాదికి యాభై, అరవై గుడ్లకు మించి పెట్టదు. పన్నెండో పదిహేనో పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. ఇరవై ఒక్క రోజులు కదలదు, తర్వాత పిల్లల్ని తిప్పుకుంటూ రెండు నెలలు గుడ్డు ఊసే ఉండదు. గ్రామప్రియ పెరట్లో తిరిగినా దానికి మూడింతలు పెడుతుంది కానీ పొదగదు. అందుకే ఖాలా గ్రామప్రియ గుడ్లను కూడా నాటుకోడి కిందే పెట్టి పిల్లల్ని తీయిస్తుంది. ఒకరి కడుపు, ఒకరి ఒడి.

కోడికి కూడా మౌసమ్ ఉంటుందని టౌన్‌లో చాలామందికి తెలియదు. షెడ్లలో లైట్లు వేసి పగలును పొడుగు చేస్తారు కాబట్టి అక్కడ ఏడాదంతా గుడ్లు. పెరటి కోడికి లైటు సూర్యుడే. ఈకలు రాల్చేటప్పుడు గుడ్డు ఆపేస్తుంది. మే నెల ఎండకు నోరు తెరిచి వగరుస్తుంది, మేత తగ్గిస్తుంది, పెట్టిన గుడ్డుకు పెంకు పలచబడుతుంది. ఆ నెలల్లోనే కొక్కెర తెగులు భయం కూడా. తెగులు వస్తే వారంలో గంప ఖాళీ. ఖాలా పిల్లలకు మొదటి వారంలోనే కంట్లో చుక్కల మందు వేయిస్తుంది, రెండు నెలలు నిండే లోపు సూది వేయిస్తుంది. ఆ తారీఖులు ఇంటి తలుపు వెనక బొగ్గుతో రాసి ఉంటాయి.

మేత కొనేది తక్కువ. రాలిన సజ్జలు, కొర్ర తవుడు, ముదిరిన ఆకుకూర. చిన్న పిల్లలకు చెదలు. పాత కుండలో పేడ, గడ్డి కుక్కి, నీళ్లు చిలకరించి రాత్రి చేలో బోర్లిస్తారు. పొద్దునకు చెదలు పడతాయి, కుండ తెచ్చి పిల్లల ముందు దులుపుతారు. మనం పారదోలే చెదపురుగు అక్కడ నాష్తా.

సంచిలో గుడ్లు వచ్చినప్పుడు అడిగే సవాళ్లు కూడా ఉన్నాయి. పసుపు సొన ముదురు రంగులో ఉంటే తాకత్ ఎక్కువా అని. రంగు మేత నుంచి వస్తుంది. ఆకు, గడ్డి తిన్న కోడి గుడ్డు సొన ముదురుగా ఉంటుంది. పెంకు రంగు కోడి జాతిని బట్టి. తాజాదో కాదో చూడాలంటే గిన్నెలో నీళ్లు పోసి వేయండి. అడుగున పడుకుంటే తాజాది. నిటారుగా నిలబడితే రోజులు అయ్యాయని, పైకి తేలితే పారేయమని. గుడ్డు పాతబడేకొద్దీ లోపల గాలి గది పెరుగుతుంది, అంతే కిటుకు.

ఇంతవరకు చెప్పింది బర్కత్ సంగతి. ఇప్పుడు కష్టం సంగతి.

మనకు జీతం ఒకటో తారీఖున వస్తుంది. మేకు వేరే జీతం, డిసెంబర్‌కు వేరే జీతం ఉండదు. ఖాలా ఇంట్లో పైసలకు కూడా మౌసమ్ ఉంది. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా చేతిలో కాసిన్ని ఆడతాయి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కూరగాయలు లేవు, గుడ్లు సగానికి పడిపోతాయి. కానీ ఖర్చులన్నీ ఆ నెలల్లోనే. విత్తనాలు కొనాలి, దుక్కి దున్నించాలి, బోరు మోటారు కాలితే చుట్టించాలి, జూన్‌లో మనవళ్ల బడి. పండని నెలలో ఖర్చు, పండిన నెలలో అప్పు తీర్చడం. ఆ మధ్యలో వచ్చి కూర్చునేవాడు వడ్డీ వ్యాపారి. నూటికి మూడు, నెలకు. ఏడాదికి ముప్పై ఆరు. ఏడాదంతా సంచులు మోసి సంపాదించిన లాభం ఆ మూడు నెలల అప్పు వడ్డీలో పోతే ఇక సేద్యం ఎందుకు? సేద్యగాళ్ల ఖుద్‌కుషీల వార్తలు రాసిన దాన్ని. ప్రతి ఇంట్లో కథ వేరుగా ఉంటుంది గానీ అప్పు పుట్టిన నెల మాత్రం చాలాసార్లు ఇదే ఉంటుంది.

పోయిన ఏడాది ఉగాది తర్వాత మా ఇంట్లో కూర్చుని ఖాలూ ఒక మాట అన్నారు. "బెంగళూరోళ్లు అడుగుతాండారు. రోడ్డుకు దగ్గర గదా, మంచి రేటు. అమ్మేసి టౌన్‌లో ఒక చిన్న ఇల్లు తీసుకుంటే కొడుక్కీ బాగుంటాది." ఖాలా ఏమీ అనలేదు. చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఆ ఖామోషీ నాకు ఇంకా గుర్తుంది.

మేము నాలుగిళ్ల వాళ్లం కలిసి ఒక ఆలోచన చేశాం. సంచి తీసుకునే ఇరవై ఇళ్లూ ఏప్రిల్‌లోనే తలా మూడు వేలు ముందుగా ఇస్తే ఎట్లా ఉంటుంది? వడ్డీ అప్పు అవసరం ఉండదు. పంట వచ్చినాక సంచుల్లో తీర్చుకుంటారు. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. జపాన్‌లో 1970ల నుంచి టేకే అనే పేరుతో టౌన్ కుటుంబాలు, రైతులు ఇట్లా నేరుగా కలిసి నడుపుకుంటున్నారు. అమెరికాలో 1986లో మసాచుసెట్స్‌లోని ఇండియన్ లైన్ ఫామ్, న్యూ హాంప్‌షైర్‌లోని టెంపుల్-విల్టన్ ఫామ్ ఇదే పద్ధతి మొదలుపెట్టాయి. సీజన్ ముందే వాటా కడతారు, పంటలో వాటా తీసుకుంటారు, నష్టమైతే అందరూ పంచుకుంటారు. మన దగ్గర చెన్నేకొత్తపల్లి వైపు 1990 నుంచి టింబక్టు కలెక్టివ్ పనిచేస్తోంది. ఆ సంస్థ అండతో 2008లో రైతులు ధరణి అనే సహకార సంఘం పెట్టుకున్నారు. మందులు వేయకుండా కొర్ర, సామ, శెనక్కాయ పండించి, సొంతంగా శుభ్రం చేసి అమ్ముకుంటున్నారు. 2022లో ఆ వైపంతా శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ నేల మాత్రం మన నేలే. చిన్న రైతు ఒంటరిగా బాజార్‌కు పోతే రేటు బాజార్ చెప్తుంది, కలిసి పోతే కాస్తయినా తను చెప్పగలడు.

అంతా బాగుంది. అప్పుడు మా ఇరవై ఇళ్లలో ఒక భాయిసాబ్ అడిగారు. "పండని పంటకు ముందే పైసలు కట్టడం జాయజేనా?" మంచి సవాలే. పక్వానికి రాకముందే పండును అమ్మొద్దని హదీసు ఉంది. లేని వస్తువు మీద బేరం పెడితే రేపు ఇద్దరికీ ఝగడా. మౌలానాసాబ్ దగ్గరికి వెళ్లాం. ఆయన ఓపికగా వివరించారు. ముందు పైసలిచ్చి తర్వాత సరుకు తీసుకునే బేరం షరియత్‌లో ఉంది, దాన్ని సలమ్ అంటారు. కానీ సరుకు ఏది, ఎంత, ఎలాంటిది, ఏ రోజు ఇచ్చేది అన్నీ ముందే ఖరారు కావాలి, మొత్తం ధర అప్పుడే ఇవ్వాలి. ముఖ్యంగా ఫలానా చేలో పండిందే ఇవ్వాలని కట్టడి చేయకూడదు. ఆ చేను ఎండిపోతే ఎట్లా ఇస్తారు? మాకు కావాల్సింది సరిగ్గా ఆ ఫలానా చేనే. ఏం పండుతుందో, ఎంత పండుతుందో ఖాలాకే తెలియదు. సలమ్ కుదరదు.

"అయితే కర్జ్-ఎ-హసనా ఇవ్వండి" అన్నారు మౌలానాసాబ్. వడ్డీ లేని అప్పు. అప్పు అప్పే, బేరం బేరమే, రెండూ కలపొద్దు. పంట వచ్చినాక ప్రతి జుమ్మా సంచికి ఆ రోజు రేటు వేసుకుని, ఇద్దరూ రాజీ అయితే అప్పులో తగ్గించుకోవచ్చు. ఒక షరతు గట్టిగా చెప్పారు. అప్పిచ్చినందుకు మీకు రేటు తగ్గించి ఇవ్వకూడదు, తగ్గించమని మీరూ అడగకూడదు. అప్పు మీద వచ్చే ఆ లాభం కూడా వడ్డీయే. వాన రాకపోతే? అప్పు తీసుకున్నవాడు ఇబ్బందిలో ఉంటే గడువు ఇవ్వమని, మాఫ్ చేస్తే ఇంకా మేలని ఖురాన్ హుకుం అని గుర్తుచేశారు.

ఇంటికి వస్తుంటే ఒకరు అన్నారు, "మరి మనకేం ఫాయిదా?" అదే మొదటి సవాలు మళ్లీ. లెక్క ప్రకారం ఏమీ లేదు. మూడు వేలు ఇస్తాం, మూడు వేల విలువైన కూరగాయలే వస్తాయి, అవి కూడా వానను బట్టి. ఫాయిదా ఒకటే. వచ్చే ఏడాది కూడా సంచి వస్తుంది.

ఇరవై ఇళ్లలో పద్నాలుగు ఇచ్చాయి. ఆరు ఇవ్వలేదు, వాళ్ల మజ్బూరీలు వాళ్లవి. వాళ్లకు కూడా అదే రేటుకు, అదే సైజు సంచి పోయింది. నలభై రెండు వేలతో విత్తనాలు, దుక్కి, మోటారు, మందు చుక్కలు అన్నీ అయిపోయాయి. వడ్డీ మనిషి గడప తొక్కలేదు. ఆరుద్రలో వాన మామూలుగానే వచ్చింది, ఊడల టైంలో కాస్త ముఖం చాటేసింది. శెనక్కాయ సగమే. కంది, అనప నిలబడ్డాయి. సంక్రాంతి దాటేసరికి పన్నెండు ఇళ్ల హిసాబ్ పూర్తయింది. మిగిలిన రెండిళ్లు మేమూ, మా ఆపా. మేము మిగిలింది వచ్చే ఏడాదికి రాసుకోమన్నాం. ఖాలా ఒప్పుకోలేదు, రెండు డజన్ల గుడ్లు పంపి చెల్లు వేసింది. ఆమె ఇజ్జత్ ఆమెది.

పంట వచ్చినాక ఉష్ర్ కూడా తీసింది. వానతో పండిన దాంట్లో పదో వంతు, నీళ్లు తోడి పెట్టి పండించిన దాంట్లో ఇరవయ్యో వంతు. తోడిన నీళ్లకు మెహనత్, ఖర్చు ఎక్కువ కాబట్టి సగం. పద్నాలుగు వందల ఏళ్ల కిందటి హిసాబ్‌లోనే వాన పంట, తోడు పంట వేరువేరని ఉంది. బాజార్ హిసాబ్‌లో ఇప్పటికీ లేదు, అక్కడ అన్నీ కిలోలే.

పొలం అమ్మే మాట పూర్తిగా పోలేదు. ఖాలూకు మోకాళ్ల నొప్పులు, మోపెడ్ మీద ఎన్నేళ్లు వస్తారో తెలియదు. కొడుకు బెంగళూరులో ఆటో తోలుతున్నాడు, వస్తానని అంటాడు, రాడు. ఇంకో బోరు వేద్దామని ఒకరోజు, వద్దని ఒకరోజు. పక్క చేలో మూడు బోర్లు వేసి మూడూ ఎండిపోయిన మనిషి ఎదురుగానే ఉన్నాడు. మూడు వేల రూపాయల కర్జ్ ఈ మసలాలన్నింటినీ తీర్చదు. అది ఒక ఏడాదిని దాటించింది, అంతే. కరవు నేల మీద ఒక ఏడాది దాటడం చిన్న విషయమేమీ కాదు.

మీ దగ్గర ఇట్లాంటి ఖాలా ఎవరైనా ఉంటే, మీ ఊరి సంత దగ్గర గంపతో కూర్చునే అవ్వ అయినా సరే, రెండు పనులు చేయండి. ఆమె దగ్గర లేనిది అడగడం మానేయండి, ఉన్నదాన్ని వండడం నేర్చుకోండి. రెండోది, ఏప్రిల్‌లో ఆమె కనబడకపోతే ఎందుకు రాలేదో కనుక్కోండి. ఈసారి రోహిణికి ముందే మా పద్నాలుగు ఇళ్లకు ఇంకో మూడు చేరాయి. నాటుకోడి ఒకటి పొదుగు మీద ఉందట. ఇరవై ఒక్క రోజుల తర్వాత చెప్తానంది ఖాలా, ఎన్ని లేచాయో.